ఆరుగురికి ఒక గుడారం

మణికుమారికి గుడారాల సంగతి తెలుసని మస్కట్‌లో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పుకోలేదు. అదొక విద్య అని ఆమెకే తోచలేదు. అమలాపురానికి అవతల గోదావరి లంకలో పుట్టి, తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాని, ముప్పై ఏళ్ళు నిండితేగాని ఇంటిపనికి గల్ఫ్ కాగితాలు రావంటే నిండిన నెలలోనే విమానం ఎక్కిన మనిషి. ఇప్పుడు ముప్పై ఆరు. అల్ మవాలేలో ఒక ఒమానీ కుటుంబంలో ఇంటిపని చేస్తుంది. నలుగురిలో ఉంటే గోడవారగా నిలబడుతుంది. పలకరిస్తే చిన్న నవ్వు, ఏదైనా అడిగితే తల ఊపడం, అంతే. మాటలు తక్కువైనవాళ్ళకి చూపు ఎక్కువ ఉంటుంది కాబోలు, ఆమె కళ్ళపడకుండా ఏదీ జారిపోయేది కాదు.

ఆ ఇంటివాళ్ళకి చలికాలం వస్తే ఇంట్లో నిద్ర పట్టదు. డిసెంబరు మొదలు మార్చి దాకా వారం మార్చి వారం బండిమీద సామాను కట్టి ఇసక ఎడారికో, సముద్రం ఒడ్డుకో, కొండమీదికో పోవలసిందే. వాళ్ళు పోతే మణికుమారీ పోవాలి. దిగగానే మగవాళ్ళు నిప్పు రాజేసి కాఫీ పెట్టుకుంటారు, పిల్లలు దిబ్బలెక్కుతారు, ఇంటావిడ మదామ్ తన అక్కచెల్లెళ్ళతో కబుర్లలో పడుతుంది. గుడారాలు వేయడం మణికుమారి వంతు. విప్పడం, మడవడం, ఇంటికొచ్చాక పెరట్లో కడిగి ప్రహరీ మీద ఆరవేయడం, జిప్పుల్లో ఇరుక్కున్న ఇసకని పాత పళ్ళ బ్రష్షుతో దులపడం కూడా ఆమె వంతే.

మొదటి ఏడు గుడారం కడ్డీని బలంగా తోసి విరగ్గొట్టి తిట్లు తింది. రెండో ఏడు మేకులు నిటారుగా దిగ్గొట్టింది. గాలికి అవి ఒకటొకటే ఊడిపోతుంటే తాళ్ళు చేతులకి చుట్టుకుని కూర్చుంది. మదామ్ తమ్ముడు చూసి నవ్వి, మేకు తల గుడారానికి ఎడంగా వాలేటట్టు కొట్టాలని చేసి చూపించాడు. మూడో ఏడు ఎడారిలోనే వాన పట్టుకుంది. రెండు గుడారాలు కారాయి, ఒకటి కారలేదు. ఎందుకు కారలేదని మణికుమారి మదామ్ పెద్దకూతురిని అడిగింది. ఆ పిల్ల గుడారం లోపల కుట్టి ఉన్న చీటీ చదివి, దానిమీద మూడు వేలు అని ఉందనీ, ఆ గుడ్డమీద మూడు వేల మిల్లీమీటర్ల ఎత్తున నీళ్ళు నిలబెట్టినా కిందికి దిగవని అర్థమనీ చెప్పింది. మూడు మీటర్లు. అంటే ఇంటి కప్పు ఎత్తు. ఆ రోజునుంచి మణికుమారి ఏ గుడారం చేతికొచ్చినా ముందు ఆ చీటీ వెతికేది.

ఇదంతా పని. పనిలో నేర్చుకున్నది పనితోనే పోతుందని ఆమె అనుకునేది.

చర్చిలో తెలుగు ఆరాధనకి వచ్చేవాళ్ళ సహవాసం ఒకటి ఉంది. ఎక్కువమంది కోస్తావాళ్ళు, ఆసుపత్రుల్లో నర్సులు, వాళ్ళ కుటుంబాలు. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఆరుగురు. ఏటా జనవరి నెలాఖరున సహవాసం వాళ్ళంతా సూర్ దారిలో ఫిన్స్ దగ్గర సముద్రం ఒడ్డున గుడారాలు వేసుకుంటారు. ఆ దేశంలో ప్రార్థన కూటాలు చర్చి ఆవరణలోనే జరగాలి గనుక దీని పేరు పిక్నిక్కే. గురువారం సాయంత్రం పోయి శనివారం మధ్యాహ్నం తిరిగి రావడం. మధ్యలో రెండు రాత్రులు.

ఆ రెండు రాత్రుల కోసం ఆరుగురూ సంవత్సరం పొడుగునా మదామ్‌లని మంచి చేసుకుంటూ వచ్చేవాళ్ళు. గుడారంలో పడుకోవడం మణికుమారికి కొత్త కాదు. ‘మణీ’ అని పిలిచేవాళ్ళు లేని గుడారంలో పడుకోవడం కొత్త. వంటగది వెనక బట్టల మిషన్ పక్కన ఆమె గది. ఆ గదిలో నిద్రపోతున్నా ఒక చెవి మేలుకునే ఉంటుంది. ఫిన్స్‌లో మాత్రం రెండు చెవులూ పడుకునేవి.

పోయిన ఏడు ఆ రెండింటిలో రెండో రాత్రి నీళ్ళపాలయింది. సహవాసం కమిటీవాళ్ళు ఆ ఆరుగురికి ఇచ్చింది ఇల్లంత ఎత్తు గుడారం, కిటికీలూ తెరలూ ఉన్నది. కింద పెద్ద నీలం ప్లాస్టిక్ పట్టా పరిచారు. అది గుడారం కంటే నాలుగు వైపులా బారెడు బయటికి ఉంది. మనవాళ్ళ అలవాటే అది. పడుకునే చోట, నాలుగు మాటలు ప్రార్థన చేసుకునే చోట చెప్పులతో తిరగకూడదు, కనుక చెప్పులు విడవడానికి అరుగులాంటిది ఉండాలి. ఆ ఏడు ప్రతి గుడారానికీ నీలం అరుగు ఉంది. వాన మొదలయ్యాక గుడారం గోడ మీంచి దిగిన నీళ్ళు ఆ పట్టామీద పడి, ఇంకే దారి లేక, మెల్లగా గుడారం కిందికి జారాయి. టార్చి పట్టుకున్న మణికుమారి ఆ జారడం కళ్ళారా చూసింది. కాసేపటికి అడుగంతా ఊరిపోయింది. కడప జిల్లా నుంచి వచ్చిన పెంచలమ్మకి, ఆరుగురిలో పెద్దదానికి, వారం రోజులు జ్వరం. ఆమె మదామ్ సహవాసం సెక్రటరీకి ఫోన్ చేసి కడిగేసింది. గుడారం పాడైపోయిందని అందరూ తేల్చారు. మణికుమారి నోరు మెదపలేదు. పెద్దలు మాట్లాడుతున్నారు కదా అనుకుంది.

ఆ సెక్రటరీ పేరు జెరెమియా. నరసాపురం వైపు మనిషి, ఒక కంపెనీలో స్టోర్ ఇన్‌చార్జి. చెడ్డవాడు కాదు. ఎవరికి జ్వరమొచ్చినా కారు తీస్తాడు. భార్య లిల్లీ స్టాఫ్ నర్సు. ఈ ఏడు జనవరి మొదటి శుక్రవారం ఆరాధన అయ్యాక ఆయన అందరినీ ఆగమని, ఈసారి ఏర్పాట్లు చెప్పాడు. కుటుంబాలూ నర్సులూ ఎప్పటిలాగే రెండు రాత్రులు ఉంటారట. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళు మాత్రం శుక్రవారం పొద్దున బస్సులో వచ్చి, హాయిగా సముద్రం చూసి, భోంచేసి, సాయంత్రం బస్సులో తిరిగి వెళ్ళిపోవచ్చట. వాళ్ళ ఆరోగ్యం కోసమేనట. మదామ్‌లకి జవాబు చెప్పే భారం కూడా ఉండదట. ఎంతో దయగా చెప్పాడు. దయగా చెప్పిన మాటకి ఎదురు చెప్పడం కష్టం. పెంచలమ్మ కొంగు సర్దుకుంది. మిగతావాళ్ళు నేల చూశారు.

“మేం పడుకుంటామండి” అని ఎవరో అన్నారు. అందరూ తనవైపు తిరిగేసరికిగాని అన్నది తానేనని మణికుమారికి తెలియలేదు.

“ఏంటమ్మా?”

“రెండు రాత్రులూ పడుకుంటామండి. మా గుడారం మేమే కొనుక్కుంటాం.”

జెరెమియా నవ్వాడు. “గుడారం అంటే చీర కాదమ్మాయ్, రంగు చూసి కొనుక్కోడానికి.”

“రంగు చూడనండి” అంది మణికుమారి.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరిని చూసి నవ్వారో ఆమెకి అర్థం కాలేదుగాని, వెనక్కి తగ్గడానికి మాత్రం వీల్లేకుండా పోయింది. జెరెమియా సరే, దుకాణానికి తానే కారులో తీసుకెళ్తానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు.

“ఈసారి లోపల తడి కనిపించిందా, ఆ సాయంత్రమే మిమ్మల్ని బస్సెక్కిస్తాను. మళ్ళీ ఏటినుంచి ఈ మాట ఎత్తకూడదు. సరేనా?”

“సరేనండి” అంది.

ఆ ‘సరే’ ఎందుకన్నానా అని ఆమె రెండు వారాలు గిన్నెలు తోముతూ ఆలోచించింది. గుడారం మీద నమ్మకం ఉండబట్టి అంది. కానీ ఆరుగురి ప్రయాణాన్ని ఒక గుడ్డమీద పందెం కట్టినట్టయింది. అలా కట్టమని తనని ఎవరు అడిగారు?  మిగతా ఐదుగురూ తలా కొంచెం డబ్బు వేసి ఆమె చేతిలో పెట్టారు. అదే ఆమెకి మరీ బరువైంది.

దుకాణం మవాలేలోనే. జెరెమియా, మణికుమారి, పెంచలమ్మ వెళ్ళారు. సేల్స్‌మన్ ఎహసాన్ కొత్తగా వచ్చిన పాకిస్తానీ కుర్రవాడు. ముగ్గురిలో మగవాడిని చూసుకుని జెరెమియా ముందుకే అన్నీ తెచ్చాడు. ఒకదాన్ని సంచిలోంచి విసిరితే గాలిలోనే గొడుగులా విచ్చుకుని నిలబడింది. జెరెమియాకి అది బాగా నచ్చింది. పైగా ఎత్తైనది, రెండు కిటికీలు, నారింజ రంగు.

“వాటర్‌ప్రూఫ్, సార్. ఫుల్ గ్యారంటీ” అన్నాడు ఎహసాన్.

మణికుమారి చెప్పులు విప్పి అందులోకి దూరింది. కాసేపు బయటికి రాలేదు. లోపల ఆమె కుట్లు చూస్తోంది. కుట్టిన చోటల్లా సూది కన్నాలుంటాయి, కన్నాలమీద టేపు అంటించి ఉండాలి. ఇందులో కప్పు కుట్లకి టేపు ఉంది, మూలలకి లేదు. వాన ఆపే పైపొర సగం దాకానే వచ్చి ఆగిపోయింది. మిగతా సగం గోడ ఒంటిపొర. కడ్డీలు ఫైబర్‌వి, వంచితే చిటపటమంటున్నాయి. బయటికి వచ్చి తల అడ్డంగా ఊపింది. ఇంకోటి చూపించమంది. అదీ వద్దంది. నాలుగోసారి ఎహసాన్ మొహం మాడ్చుకుని, కొండలెక్కేవాళ్ళు తప్ప ఎవరూ కొనరంటూ పై అరలోంచి ఒకటి దించాడు.

పొట్టిది. మధ్యలో కూడా మనిషి నిలబడలేడు. అల్యూమినియం కడ్డీలు నాలుగు, ఒకదాన్నొకటి చాలాచోట్ల దాటుకుంటూ బుట్ట అల్లినట్టు ఉన్నాయి. పైపొర నేల దాకా దిగింది. అడుగు గుడ్డ మందంగా, గోడలకి జానెడు ఎగబాకి, బట్టలుతికే టబ్బులా ఉంది. మణికుమారి చీటీ వెతికింది. పైన మూడు వేలు. అడుగున ఐదు వేలు. కుట్లన్నిటికీ టేపు. తాళ్ళు కట్టే చోట గుడ్డ రెండు మడతలు.

ఆమె సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. ఎహసాన్ కంగారుపడి, “బాజీ” అని, అక్కా అన్నట్టు పిలిచి, “దుకాణంలో నీళ్ళు పోయకూడదు” అన్నాడు. ఆమె పైపొర అంచుని దోసిలిలా గుంట చేసి పెంచలమ్మకి పట్టుకోమని ఇచ్చి, సగం సీసా అందులో పోసి, కింద తన అరచెయ్యి పెట్టింది. జెరెమియా గడియారం చూసుకున్నాడు. పది నిమిషాలు ఎవరూ కదల్లేదు. మణికుమారి చెయ్యి తీసి చూపించింది. పొడిగా ఉంది. గుంటలోని నీళ్ళు మళ్ళీ సీసాలోకి వొంపుకుంది. ఒక్క చుక్క కింద పడలేదు. ఎహసాన్ అప్పటినుంచి ఆమెతోనే మాట్లాడాడు.

నచ్చనిది పెంచలమ్మకే. “ఏంది మే ఇది, తాబేలు మాదిరుండాది. దీంట్లో చీర ఎట్ల కట్టుకునేది, పండుకోనా?”

“కూర్చుని కట్టుకో అక్కా. గాలికి ఎత్తైందే ముందు దొరుకుద్ది. పొట్టిదాని మీంచి దాటి పోద్ది.”

పెంచలమ్మ తన ఎత్తు తానే కిందికీ పైకీ చూసుకుంది. “అట్లయితే గాలి నన్నేం చేయల్యాదులే” అంది.

ఆరుగురు పడతారని రాసి ఉంది. అలా రాస్తే నలుగురు సుఖంగా పడతారని మణికుమారికి తెలుసు. ఆరుగురు ఇరుక్కోవాలి. ఇరుక్కుందామనే కొన్నది. పొడవాటి ఇనుప మేకులు విడిగా తీసుకుంది, ఫిన్స్‌లో అంతా గులకరాయి నేల కదా అని. గుడారం రంగు ఎండిన బురద రంగు. రంగు చూడనన్న మాట అలా నిలబడింది. జెరెమియా దారిపొడుగునా దాన్ని కోళ్ళగూడు అంటూనే ఉన్నాడు.

గురువారం సాయంత్రం ఫిన్స్‌లో బస్సు దిగేసరికి సముద్రం మీంచి గాలి వీస్తోంది. వాతావరణంవాళ్ళు రేపు జల్లులు పడొచ్చన్నారు. ఆ జల్లులు కొండలమీదే ఆగిపోతాయని కమిటీవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. కుటుంబాలన్నీ నీళ్ళు బాగా కనిపించే అంచుకి పోయి చోటు పట్టుకున్నాయి. మణికుమారి మాత్రం సామాను దింపకుండా కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఎండిపోయిన వాగు జాడకి దూరంగా, కొంచెం మిట్టగా ఉన్న చోటు చూసుకుంది. గుడారం గుమ్మం సముద్రం వైపు కాకుండా కొండల వైపూ కాకుండా పక్కకి పెట్టింది. డ్రైవర్ ఖాదర్‌వలి బస్సులోని సుత్తి ఇచ్చాడు. ఆయనది పెంచలమ్మ వైపు ఊరే. ఆరుగురూ తాళ్ళు పట్టుకుంటే మేకులు ఆమె కొట్టింది.

అప్పుడు జెరెమియా నీలం పట్టాలు పంచుకుంటూ వచ్చాడు. మణికుమారి తమ వంతు తీసుకుని, గుడారం కంటే నాలుగు వైపులా జానెడు తక్కువ ఉండేటట్టు అంచులు లోపలికి మడిచి, గుడారం కిందికి తోసేసింది.

“అదేంటమ్మాయ్? చెప్పులు ఎక్కడ విడుస్తారు?”

“సంచిలో వేసుకుని లోపల పెట్టుకుంటామండి.”

చుట్టుపక్కల గుడారాలు వేస్తున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు. చెప్పులు లోపలా, తలల దగ్గరా, ప్రార్థన చేసుకునే చోటా అని ఎవరో పెద్దావిడ గొణిగింది.  అయినా మణికుమారి చెప్పింది, పోయిన ఏడు చెప్పవలసిన మాట.

“పోయినేడు నీళ్ళు పైనుంచి రాలేదండి. ఈ పట్టామీంచి లోపలికి జారాయి. నేను చూశాను. మీరూ బయటికి పరవద్దండి.”

“చూసినదానివి అప్పుడే చెప్పొచ్చుగా?” అన్నాడు జెరెమియా.

ఆమె వంగి, మడిచిన అంచుని ఇంకొంచెం లోపలికి తోసింది. ఆయన తన గుడారానికి తిరిగిపోయి, పట్టాని నాలుగు వైపులా బారెడు బయటికి లాగి, అంచులమీద రాళ్ళు పెట్టాడు. మిగతావాళ్ళూ ఎప్పటిలాగే పరుచుకున్నారు.

ఆ రాత్రి ఆరుగురూ ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతూ పడుకున్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కొండలమీద ఆకాశం నల్లబడింది. మూడున్నరకి ఉరుము వినిపించింది. జల్లులు కొండ దిగవన్నవాళ్ళు లేచి నిలబడి చూశారు. నాలుగింటికి గాలి తిరిగింది. అప్పటిదాకా సముద్రం మీంచి వచ్చేది ఒక్కసారిగా కొండల మీంచి దిగింది, ఇసకనీ చిన్న రాళ్ళనీ విసురుతూ. మణికుమారి తాళ్ళన్నీ ఒకసారి లాగి చూసుకుని, ఐదుగురినీ లోపలికి తోసి, తానూ దూరి జిప్పు వేసింది. కప్పు కొసన గాలి ఆడేటంత మాత్రం తెరిచే ఉంచింది. అదీ మూసేయమని పెంచలమ్మ గొడవపడింది. మూస్తే మన ఊపిరే చెమటపట్టి నెత్తిమీద కారుతుందని మణికుమారి వినలేదు.

తర్వాత మాటలు వినిపించలేదు. వాన పైపొరమీద గులకరాళ్ళు కుమ్మరించినట్టు పడింది. గుడారం ఒకవైపుకి వాలిపోయి ఆరుగురి తలలమీదికీ వచ్చింది, మళ్ళీ లేచింది. వాలినప్పుడల్లా ఆడవాళ్ళు తలలు వంచేవాళ్ళు, లేచినప్పుడల్లా వాళ్ళూ లేచేవాళ్ళు. ఎవరో పాట ఎత్తుకున్నారు, పెదవులు కదలడమే తప్ప రాగం వినిపించలేదు. బయట టపీమని ఏదో విరిగింది. లిల్లీ గొంతు ఎవరినో పిలిచి ఆగిపోయింది. మణికుమారి అరచేతులు కుట్లమీద ఆనించి ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకుతూ చూసుకుంది. పొడి. పొడి. ఇక్కడా పొడే. ఆమెకి నవ్వొచ్చింది.

గుమ్మం పక్క మూల పెంచలమ్మ కూర్చుని ఉంది. ఎంత చెప్పినా పక్కకి జరగలేదు. చివరికి జరిపి చూస్తే, అక్కడ అడుగు గుడ్డమీద చేటంత తడి.

పెంచలమ్మ మొహం చిన్నబోయింది. నిన్న సాయంత్రం ఎవరూ చూడకుండా ఆ మూల పట్టాని రెండు మూరలు బయటికి లాగానని, కొత్త చెప్పులు రాళ్ళలో పెట్టబుద్ధి కాలేదని, లోపలికి తేవడానికి మనసొప్పలేదని చెప్పింది. “తిట్టుమే” అంది.

మణికుమారి తిట్టలేదు. పట్టామీంచి వచ్చిన నీళ్ళు కింద చేరాయి. పైన మనిషి బరువు పడేసరికి గుడ్డలోంచి ఊరాయి. ఐదు వేలున్న గుడ్డయినా అంత బరువుని మోయలేదు. అంతే జరిగింది. కడప నుంచి గల్ఫ్ దాకా వచ్చినా చెప్పులు గుమ్మం బయటే విడిచే మనిషిని ఏమని తిడుతుంది? ఇంకో ఆవిడ గబగబా తన దుప్పటి మడిచి ఆ తడిమీద వేసింది. అందరూ దానిమీద కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది అంది.

గంటకి వాన వెలిసింది. ఆరు కాకముందే కొండల అంచున వెలుతురు కూడా వచ్చింది. బయట చూస్తే సంతలో తుఫాను పడ్డట్టుంది. నారింజ రంగుది ఒకటి బోర్లాపడి ఉంది. జెరెమియా గుడారం కడ్డీ విరిగి కప్పు ఒకవైపు కూలబడింది, లోపల చీలమండ లోతు నీళ్ళు, వాటిలో దిండ్లు తేలుతున్నాయి. నీలం అరుగులన్నీ నీలం మడుగులయ్యాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. జనం తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పరుపులు బయటికి ఈడుస్తున్నారు.

జెరెమియా తల నుంచి కాళ్ళ దాకా తడిసి, మణికుమారి గుడారం దగ్గరికి వచ్చాడు. మాట మాటే అనుకునే మనిషి. గుమ్మంలో వంగి చెయ్యి లోపల పెట్టి నేల తడిమాడు. పొడిగా తగిలింది. ఇంకొంచెం ముందుకి చాచాడు. అదీ పొడే. ఆయన మొహంలో నమ్మలేనితనం కనిపించింది. దుప్పటి దగ్గర చెయ్యి ఆగింది.

ఇంకొక్క క్షణం ఆగితే ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. మణికుమారి వంగి దుప్పటి ఎత్తేసింది. కప్పిపెట్టి గెలిస్తే వచ్చే ఏడూ ఏదో ఒకటి కప్పిపెట్టాలి, ఆ పైఏడూ కప్పిపెట్టాలి. కప్పిపెట్టే బతుకు ఇంట్లో చాలు.

“తడిసిందండి” అంది. “పట్టా అంచు బయటికి వచ్చింది. మా తప్పే.”

జెరెమియా నిట్టూర్చి నిలబడ్డాడు. గెలిచినట్టు లేడు, బాధగానే ఉన్నాడు. “నేనేం చేయనమ్మా, మాటంటే మాటే” అని, ఖాదర్‌వలిని బస్సు స్టార్ట్ చేయమని కేక వేశాడు. దూరంగా ఇంజన్ మోగింది. ఐదుగురిలో ఇద్దరు అప్పుడే సంచులు సర్దడం మొదలుపెట్టారు.

“మేం వెళ్ళమండి” అంది మణికుమారి.

“మాటిచ్చావు కదమ్మాయ్.”

“ఇచ్చానండి. ఇవ్వకుండా ఉండాల్సింది.” ఆమె ఆయన గుడారం వైపు చెయ్యి చూపింది.  “మీ గుడారంలో దిండ్లు తేలుతున్నాయండి. మిమ్మల్ని ఎవరూ బస్సెక్కమనలేదు. వచ్చే ఏడు రావద్దనీ అనరు. తడిసింది, ఆరబెట్టుకుంటారు. మేం తడిస్తే మాత్రం మేం రాకూడదా అండి? పొడిగా ఉంటేనే మనుషులమా?”

జెరెమియా చుట్టూ చూశాడు. పరుపులు పిండుతున్నవాళ్ళు పిండడం ఆపారు. “అది కాదమ్మా, మీ మదామ్‌లు ఫోన్ చేస్తే...”

“నా నంబరు ఇవ్వండి. నేను మాట్లాడతాను. జ్వరం వస్తే మాత్ర వేసుకుంటాం. ఇంట్లో ఉన్నా వస్తాది జ్వరం. మీకు భారం అయితే మా గురించి మీరు జవాబు చెప్పద్దండి. మాకు నోళ్ళున్నాయి.”

ఇన్ని మాటలు ఆమె ఒక్కసారి మాట్లాడగా ఆ సహవాసంలో ఎవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు. గుడారం తాడు పట్టుకుని నిలబడింది.

లిల్లీ రెండు చేతులతో దుప్పటి పిండుతూ ఇటు తిరిగింది. “ఏమండీ,” అంది మొగుడితో, తాపీగా, “ఎలాగూ బస్సు స్టార్ట్ చేయించారు. మన పరుపులు కూడా అందులో వేయించండి. మనవీ తడిశాయిగా. మనం కూడా ఎక్కుదాం.”

నర్సులు పగలబడి నవ్వారు. జెరెమియా నవ్వలేదు. మెడ వెనక తడి చొక్కా లాక్కుని, తాను చెప్పాల్సింది చెప్పాననీ, బస్సు పావుగంట ఆగుతుందనీ, ఆ పైన ఎవరిష్టం వాళ్ళదనీ అని, విరిగిన కడ్డీ దగ్గరికి వెళ్ళిపోయాడు. సరే అనలేదు. కాదనీ అనలేదు.

బస్సు దీపాలు వేసుకుని, తలుపు తెరుచుకుని, గుడగుడమంటూ నిలబడి ఉంది. లోపల పొడి సీట్లు. రెండు గంటల్లో మస్కట్. సంచులు సర్దుకున్న ఇద్దరూ బస్సునీ మణికుమారినీ మార్చి మార్చి చూశారు. ఉండండి అని ఆమె ఎవరినీ అడగలేదు. తనవరకు తాను చెప్పింది, ఇక ఎవరి కాళ్ళు వాళ్ళవి. తడికి పైపొర సాగి వదులైంది, ముందు తాళ్ళు బిగించాలి. మొదటి తాడు విప్పి, లాగి, మళ్ళీ కట్టింది. రెండోదాని దగ్గరికి పోయేసరికి పెంచలమ్మ మోకాళ్ళమీద కూర్చుని పట్టా అంచుని పిడికిళ్ళతో లోపలికి కుక్కుతోంది. ఇంకో ఆవిడ లోపలి తడిని తన పాత నైటీతో అద్ది బయట పిండుతోంది. సంచులు సర్దుకున్నవాళ్ళలో ఒకామె సంచి కింద పెట్టి, మూడో తాడు పట్టుకుంది. రెండో ఆమె కాసేపు అలాగే నిలబడి, తర్వాత తన సంచి గుడారంలోకి విసిరి, చేతులు నడుంమీద పెట్టుకుని బస్సు వైపు తిరిగింది.

పావుగంట దాటింది. ఖాదర్‌వలి కిటికీలోంచి తల బయట పెట్టాడు. “ఏం మే పెంచలమ్మా, ఎక్కుతారా ల్యాదా? డీజిల్ కాలిపోతాంది.”

మణికుమారి అప్పుడు గాలివైపు మేకు దగ్గర కూర్చుని ఉంది. నాని మెత్తబడిన నేలలో అది సగం పైకి లేచింది. చేత్తో నొక్కితే దిగలేదు, రాయితో కొడితే పక్కకి పోతోంది.

పెంచలమ్మ లేచి నిలబడి, చేతులకంటిన మట్టి దులుపుకుంది. “మేం యాడికీ పోము” అని బస్సు దాకా వినిపించేటట్టు అరిచింది. “నువ్వే ఇంజన్ ఆపి ఆ సుత్తి తీస్కరా.”

ఖాదర్‌వలి జెరెమియా వైపు చూశాడు. జెరెమియా ఇటు తిరగలేదు. ఇంజన్ ఆగింది. ఖాదర్‌వలి సుత్తి పట్టుకుని దిగాడు.